సరస్సు తీరాన చక్రాల ఇల్లు

పాఠ్యభాగ పరిచయం

ఏనుగుల వీరాస్వామయ్య 1830-31 సంవత్సరాలలో పరివారంతో కాశీకి వెళ్ళి రచించిన ‘కాశీయాత్ర చరిత్ర’ తెలుగు యాత్రారచనల్లో తొలితరానికి చెందినది. చూసిన స్థలాన్ని వర్ణించడంతోపాటు అక్కడి జనజీవనాన్ని పరిశీలించడం ఈ ప్రక్రియకు ప్రాణం. అమెరికాలోని సుపీరియర్ సరస్సు తీరం వెంట సాగిన యాత్ర ప్రస్తుత పాఠ్యాంశం.

పాఠ్యభాగం

మిన్నెసోటా రాష్ట్రంలో ఉద్యోగం చేస్తున్న మా అబ్బాయి ఒక సెప్టెంబరు చివరలో ఆర్.వి. అనే వాహనాన్ని అద్దెకు తీసుకొన్నాడు. అది చక్రాలమీద నడిచే ఇల్లు. పడకలు, పొయ్యి, స్నానపు గది అన్నీ అందులోనే ఉంటాయి. బయలుదేరే ముందు అతడు నాకు మూడు ట్యాంకులు చూపించాడు.

“నాన్నా! మొదటిదానిలో మంచినీళ్ళు. వాడిన నీళ్ళు రెండోదానిలోకి, మరుగుదొడ్డి మురుగు మూడోదానిలోకి చేరతాయి. వాటిని ఎక్కడపడితే అక్కడ వదలకూడదు. అందుకు కేటాయించిన చోటు వచ్చేదాకా మనమే మోసుకుపోవాలి” అన్నాడు.

ఆ మాట విలువ నాకు దారిలో బోధపడింది.

మా యాత్ర డులూత్ రేవులో మొదలైంది. 1905లో నిర్మితమై, 1930 నాటికి ఎత్తుడు వంతెనగా మారిన ఉక్కు వంతెన అక్కడి ప్రధాన ఆకర్షణ. ఓడ కూత వేసింది. వంతెన కూతతోనే బదులిచ్చింది. దాని నడిమి భాగం మొత్తం నిట్టనిలువుగా పైకి లేచి ఓడకు దారి ఇచ్చింది.

అక్కడినుంచి కెనడా సరిహద్దు వరకు 61వ నంబరు రహదారి సుమారు 240 కిలోమీటర్లు తీరాన్ని అంటిపెట్టుకొని సాగుతుంది. ఒకవైపు ఎరుపెక్కిన మేపుల్ చెట్లు, మరొకవైపు అనంత జలరాశి. ఉపరితల వైశాల్యంలో ప్రపంచంలోని మంచినీటి సరస్సులన్నింటిలో ఇదే పెద్దది. వైశాల్యం దాదాపు 82 వేల చదరపు కిలోమీటర్లు. అత్యధిక లోతు 406 మీటర్లు. ఇక్కడి ఆదివాసులైన ఓజిబ్వేలు దీనిని ‘గిచిగామి’, అంటే మహాసాగరం, అంటారు.

గూస్‌బెర్రీ జలపాతాన్ని చూసి స్ప్లిట్ రాక్ దీపస్తంభం చేరుకొన్నాం. 1905 నవంబరులో వీచిన తుపానుకు ఎన్నో ఓడలు దెబ్బతిన్నాయి. ఆ నష్టం ఫలితంగా 1910లో కొండకొమ్మున ఈ దీపం వెలిగింది. అప్పటికి రహదారి లేదు. సామగ్రినంతా పడవల్లో తెచ్చి కొండపైకి చేదారు. 1969లో దీపం విధులనుంచి విరమించింది. అయినా 1975 నవంబరు 10న ‘ఎడ్మండ్ ఫిట్జ్‌జెరాల్డ్’ ఓడతోపాటు మునిగిపోయిన 29 మంది స్మృత్యర్థం ఏటా ఆ రోజున దానిని వెలిగిస్తారు.

కొంతదూరంలోనే సిల్వర్ బే పట్టణం. 1955లో ఇక్కడ ప్రారంభమైన కర్మాగారం టాకొనైట్ శిలను పొడిచేసి, ఇనుప ఖనిజాన్ని వేరుచేసి, మిగిలిన రాతిపొడిని సరస్సులోనే పారబోసేది. ఒక దశలో అది రోజుకు సుమారు 67 వేల టన్నులు! 1973లో డులూత్ తాగునీటిలో ఆస్‌బెస్టాస్ వంటి నారకణాలు ఉన్నట్లు వెల్లడైంది. మరుసటి ఏడాది న్యాయమూర్తి మైల్స్ లార్డ్ కర్మాగారాన్ని మూసివేయాలని ఆజ్ఞాపించాడు. పైన్యాయస్థానం రెండు రోజుల్లోనే ఆ ఉత్తర్వును నిలిపివేసింది. ఒకవైపు ప్రజల ఆరోగ్యం, మరొకవైపు కార్మికుల ఉపాధి. చివరకు రాతిపొడిని నేలమీదే నిల్వచేసే ఏర్పాటు జరిగి, 1980లో సరస్సులో పారబోత ఆగింది.

చివరి మజిలీ గ్రాండ్ పోర్టేజ్. ఓజిబ్వే భాషలో దీని పేరుకు ‘పెద్ద మోతల చోటు’ అని అర్థం. పిజన్ నదిలోని జలపాతాలను తప్పించుకోవడానికి బొచ్చుతోళ్ళ వర్తకుల కూలీలు ఇక్కడ పడవలను, తోలుమూటలను సుమారు 13 కిలోమీటర్లు మోసేవారు.

తిరుగు ప్రయాణంలో మురుగు ట్యాంకులు ఖాళీచేసే చోట మా వంతుకోసం చాలాసేపు వేచి ఉన్నాం. విసుగు కలగలేదు. ఒక కుటుంబం మూడు రోజుల వ్యర్థాన్ని మోయడం కష్టం కాదు. ఒక పరిశ్రమచేత దాని వ్యర్థాన్ని దానిచేతనే మోయించడానికి మాత్రం ఒక తరం నిలబడి పోరాడవలసి వచ్చింది. నేను దోసిట పట్టిన సరస్సు నీరు వారి పోరాట ఫలం.

అర్థాలు

పరివారం = వెంట ఉండే జనం
మజిలీ = ప్రయాణంలో ఆగే చోటు
స్మృత్యర్థం = జ్ఞాపకార్థం
దోసిలి = రెండు చేతులు కలిపి పట్టిన ఆకృతి

ప్రశ్నలు

1. స్ప్లిట్ రాక్ దీపస్తంభ విశేషాలను తెలపండి.
2. సిల్వర్ బే వివాదంలో ఇరుపక్షాల కష్టనష్టాలను వివరించండి.
3. ‘మనమే మోసుకుపోవాలి’ అనే మాటలోని అంతరార్థాన్ని చర్చించండి.
4. మీ ఊరి చెరువును దర్శించి, దాని స్థితిగతులపై వ్యాసం రాయండి.