ఇంటిపేరేటప్పా?

ఈసారి ముచ్చట కాస్త దూరం నుంచి వచ్చింది. అమెరికాలో ఉన్న మా చెల్లెలి కూతురు ఫోన్లో తన బడి స్నేహితురాలి పేరు చెప్పింది, మెకంజీ అని. "అది ఇంటిపేరు కదే, పిల్ల పేరేటి?" అన్నాను. పిల్ల పేరే అదట. అక్కడ ఆడపిల్లలకి ఆ పేరు పెట్టుకోవడం చాలా ఏళ్లుగా మోజట. నాకు నవ్వాగలేదు. మెకంజీ అంటే 'కెన్నెత్ కొడుకు' అని అర్థం మరి. కొడుకు పేరు తీసుకెళ్లి కూతురికి తగిలించేశారు!

స్కాట్లండ్‌లో కొండల వైపు వాళ్ల పాత భాష గేలిక్. అందులో 'మాక్' అంటే కొడుకు. కెన్నెత్ అన్న పేరుకి అక్కడి మూలం 'అందగాడు' అనే అర్థమున్న మాట. అంటే అందగాడి కొడుకు. ఇందులో ఇంకో తమాషా ఉంది. ఆ పేరు మధ్యలో మనం పలికే 'జ' అసలు 'జ' కాదు. పాతరాతలో 'య'లా పలికే అక్షరం ఒకటుండేది. అచ్చు యంత్రాలొచ్చాక ఆ అక్షరానికి అచ్చు దిమ్మ లేక, చూడ్డానికి దగ్గరగా ఉన్న 'జెడ్' పెట్టేశారు. చివరికి నోరు కూడా ఆ అచ్చుతప్పు దారే పట్టింది. ఆధార్ కార్డులో ఒక అక్షరం తప్పు పడితే ఎన్ని తిప్పలో మనకి తెలుసు గాని, వాళ్లకి ఊళ్ల పేర్లే అలా మారిపోయాయి.

ఇంటిపేరు ఒకటైతే అన్నదమ్ముల వరస, పెళ్లి మాటే ఎత్తకూడదు అనుకుంటాం మనం. అక్కడ అలా కాదు. ఒక నాయకుడి నేల మీద బతికినవాళ్లు, అతని వెంట కత్తి పట్టినవాళ్లు కూడా అతని పేరే పెట్టుకునేవారు. కిన్‌టెయిల్ అనే చోటి మెకంజీలు 1610లో లూయిస్ దీవిని చేజిక్కించుకున్నారు. ఆ దీవిలో స్టోర్నోవే అనే రేవు పట్నం ఉంది. ఆ ఒక్క చిన్న ఊళ్లో పుట్టిన ఇద్దరు మెకంజీలు ప్రపంచం చెరో కొసకీ పోయారు. అలెగ్జాండర్ కెనడాకి వెళ్లాడు. 1789లో అతను ఏటి వెంట ఆర్కిటిక్ సముద్రం దాకా పోతే, ఆ ఏటికే మెకంజీ అని పేరు. రెండో ఆయన మన దొర, కాలిన్ మెకంజీ.

కాలిన్ 1783లో మద్రాసులో దిగాడు. నేల కొలిచే ఉద్యోగం. 1815లో దేశం మొత్తానికి మొదటి సర్వేయర్ జనరల్ అయ్యాడు. కాని ఆయన గొలుసుతో కొలిచింది సగమే. మిగతా సగం మన ఊళ్ల కథలు పోగుచేయడం. ఏలూరికి చెందిన కావలి బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి అనే అన్నదమ్ములు, వాళ్ల కింద పనిచేసినవాళ్లు ఊరూరూ తిరిగి, కరణాల దగ్గర, గుళ్ల దగ్గర కూచుని రాయించిన కైఫీయతులు ఇప్పటికీ చరిత్ర రాసేవాళ్లకి ఆధారం. ఏ ఊరు ఎవరు కట్టించారు, ఏ చెరువు ఎవరు తవ్వించారు, ఏ వంశం ఎక్కణ్ణుంచి వచ్చింది, అన్నీ ఉంటాయి.

ఒక్క ముక్క మాత్రం చెప్పాలి. ఆ వంశాల్లో ఆడవాళ్లు ఏ ఇంటినుంచి వచ్చారో వెతకండి చూద్దాం. ఏ రాణి పేరో దానం చేసినప్పుడు కనబడుతుంది గాని, మిగతావాళ్లు ఫలానావారి భార్య, ఫలానావారి తల్లి. రాసిన కరణాలూ మగాళ్లే, రాయించిన దొరా మగాడే.

ఆ దొర పెళ్లి చేసుకున్న ఆవిడ డచ్చి వాళ్ల పిల్ల, పెట్రొనెల్లా బార్టెల్స్. ఆయన జావాలో ఉన్నప్పుడు, 1812లో జరిగిందా పెళ్లి. 1821లో ఆయన పోయాక ఆ కాగితాల కట్టలన్నీ ఆవిడ పాలిట పడ్డాయి. ఈస్టిండియా కంపెనీ వాళ్లు వాటిని ఆవిడ దగ్గర 10,000 పౌండ్లకి కొన్నారు. ఆ కాగితాలిప్పుడు మెకంజీ సేకరణ. బార్టెల్స్ అన్న మాట ఎక్కడా లేదు.

అయితే స్కాట్లండ్‌ని మెచ్చుకోవలసిన సంగతొకటి ఉంది. పక్కనున్న ఇంగ్లండ్‌లో పెళ్లైన పిల్లకి అప్పట్లో మొగుడి పేరే గతి. స్కాట్లండ్‌లో మాత్రం పాతకాలంలో ఆడవాళ్లు పుట్టింటి పేరుతోనే చలామణీ అయ్యేవారు. దస్తావేజుల్లో రెండు పేర్లూ రాసేవారు, పుట్టింటిది ముందు, అత్తింటిది తర్వాత. సమాధుల మీద కూడా భర్త పేరు కింద 'అతని భార్య' అని చెక్కి, పుట్టింటి పేరే వేసేవారు. గేలిక్‌లోనైతే ఇంకా నయం. కొడుక్కి 'మాక్', కూతురికి 'నిక్'. అంటే మెకంజీ వారి అమ్మాయి మెకంజీ కానేకాదు, ఆమెకి వేరే రూపం ఉంది. అమెరికా వాళ్లకి ఈ సంగతి ఎవరైనా చెప్పండర్రా!

ఇక మన వైపు చూద్దాం. మా చోడవరం ఇప్పుడు అనకాపల్లి జిల్లా, 2022 నుంచి. నా నోటికైతే ఇంకా విశాఖ జిల్లా అనే వస్తుంది. మనకి కొత్త మనిషి కనబడితే మొదట ఊరడుగుతాం, వెంటనే ఇంటిపేరడుగుతాం. ఆ రెండు ముక్కల్తో కులం, గోత్రం, బంధుత్వం, అప్పులు కూడా తేల్చేసే ముసలమ్మలున్నారు మన వీధుల్లో. మన ఇంటిపేర్లలో ఊళ్ల పేర్లే ఎక్కువ. గిడుగు అంటే గొడుగు, అలా వస్తువుల పేర్లూ ఉన్నాయి. కరణం లాంటివి ఉద్యోగం వల్ల వచ్చినవి.

గురజాడ అనేది కృష్ణా జిల్లాలో ఊరు. అప్పారావు గారు 1862లో పుట్టింది మాత్రం మన పక్కనే, ఎస్. రాయవరంలో, మేనమామల ఇంట. ఆయన ఇంటిపేరు చిన్నపిల్లలకి కూడా తెలుసు. పురుడు పోసిన ఆ మేనమామల ఇంటిపేరు ఎంతమందికి తెలుసు? శ్రీశ్రీ పుట్టుకతో పూడిపెద్ది వారు, దత్తతకి వెళ్లి శ్రీరంగం అయ్యారు. మగవాడి పేరు మారితే అది జీవితచరిత్రలో మొదటి పేజీ ఎక్కుతుంది. మన ఆడవాళ్లకి పెళ్లిపందిట్లో మారిపోతుంది, ఎవరూ రాసుకోరు.

భండారు అచ్చమాంబ గారిని తలుచుకోండి. స్త్రీల చరిత్రలు పోగుచేసి పుస్తకం రాసిన తల్లి. కొమర్రాజు లక్ష్మణరావు గారి అక్క. తమ్ముడి పేరు పక్కన పెట్టకపోతే ఆవిడ కొమర్రాజు వారి ఆడపడుచని మనకి తట్టదు. ఇంకో వైపు చూస్తే మన శ్రీకాకుళం పిల్ల మల్లీశ్వరి ఉంది. 2000లో సిడ్నీలో కంచు పతకం తెచ్చినప్పటికే ఆమెకి పెళ్లైంది, భర్త త్యాగి. ఆమె కరణం మల్లీశ్వరిగానే బరువెత్తింది, అలాగే మిగిలింది.

మరి మనం ఏం చేయాలంటారా? పెళ్లయ్యాక ఇంటిపేరు మార్చుకోవాలని మన దేశంలో ఏ చట్టమూ చెప్పదు. మార్చుకుంటే మార్చుకోండి, ఇష్టముంటే అందులో తప్పేమీ లేదు. అత్తింటి పేరు మీద నాకేం కోపం లేదు, నేనూ మార్చుకున్నదాన్నే. కాని సర్టిఫికెట్లలో ఒకటి, ఆధార్‌లో ఒకటి, పాస్‌బుక్కులో ఇంకోటి ఉంటే ఏమవుతుందో నాకు బాగా తెలుసు. నాన్న పొలంలో నా వాటా రాయించుకోడానికి ఒక ఆఫీసుకి వెళ్తే, "ఈ కూతురు మీరేనని రుజువేటమ్మా?" అన్నారు. ఎన్టీఆర్ గారి హయాంలో, 1986లో చట్టం చేసి ఆడపిల్లకి ఉమ్మడి ఆస్తిలో వాటా ఇచ్చారు. దేశమంతటికీ 2005లో వచ్చింది. వాటా చట్టం ఇచ్చింది గాని, ఈ ఇంటి పిల్లనే అని చూపించుకునే కాగితం మనమే దాచుకోవాలి. పదో తరగతి సర్టిఫికెట్టు, పెళ్లి రిజిస్ట్రేషన్ కాగితం, రెండు పేర్లూ ఒకరివేనని నోటరీ చేయించిన అఫిడవిట్ ఒక కవర్లో పెట్టుకోండి. స్కాట్లండ్ వాళ్లు రెండు పేర్లూ ఒక దస్తావేజులో రాసినట్టే అనుకోండి.

ఇంకో పని కూడా పెట్టుకున్నాను. మా ఇంట్లో పిల్లలకి అమ్మమ్మల, నానమ్మల పుట్టింటి పేర్లు ఒక నోటుబుక్కులో రాయిస్తున్నాను. మా అత్తగారి తల్లి దగ్గరకొచ్చేసరికి ఆగిపోయాం. ఇంట్లో మగాళ్లలో ఒక్కరికీ తెలీదు. మాడుగులలో ఉన్న మా పెద్దత్తకి తెలుసట, ఫోన్లో చెప్పదట, ఇంటికొచ్చి భోంచేస్తేనే చెబుతుందట. వచ్చే ఆదివారం వెళ్తున్నాం.