నేమ్‌సర్వర్లు మార్చే ముందు

చిరంజీవి సౌజన్యకు,

మీ ఆఫీసు డొమైన్ డీఎన్ఎస్‌ను క్లౌడ్‌ఫ్లేర్‌కు మార్చే పని నీకు అప్పగించారని మీ నాన్న చెప్పాడు. చాలా సంతోషం.

డొమైన్ రిజిస్ట్రార్ దగ్గరే ఉంటుంది, సైటు ఫైళ్లూ మెయిల్‌బాక్సులూ కదలవు. మారేది నేమ్‌సర్వర్లు మాత్రమే. అందుకే చాలామంది దీన్ని పావుగంట పని అనుకుంటారు.

సైటు ఆగిపోతే ఎవరో ఒకరు వెంటనే ఫోన్ చేస్తారు. నాకు బెంగ మెయిల్ గురించే తల్లీ. డీకిమ్ టీఎక్స్‌టీ రికార్డు కొత్త చోటికి రాకపోయినా మీ ఇన్‌వాయిస్‌లు వెళ్తూనే ఉంటాయి, కాకపోతే అవతలివాళ్ల స్పామ్‌లో పడొచ్చు. డబ్బు రాలేదేమని ఆరా తీసేదాకా ఎవరికీ తెలియదు. క్లౌడ్‌ఫ్లేర్ పాత రికార్డులను తానే వెతికి తెచ్చుకుంటుంది గానీ, దాన్ని నమ్ముకుని కూర్చోకు. డీకిమ్ రికార్డు పేరులో సెలెక్టర్ ఉంటుంది. అది తెలియనివాళ్లు బయటి నుంచి ఆ రికార్డును అడగలేరు. పాత ప్యానెల్ నుంచి జోన్ ఫైలు దించుకుని ఒక్కో వరుసా సరిచూడు. మన డొమైన్ పేరుతో ఇంకే సర్వీసు నుంచైనా మెయిళ్లు పంపుతున్నారా అని అకౌంట్స్ వాళ్లనీ, మార్కెటింగ్ వాళ్లనీ అడుగు.

రిజిస్ట్రార్ దగ్గర డీఎన్ఎస్‌సెక్ తాలూకు డీఎస్ రికార్డు ఉంటే ముందు దాన్ని తీసెయ్యి. దాని టీటీఎల్ గడిచాకే నేమ్‌సర్వర్లు మార్చు. లేకపోతే గూగుల్ 8.8.8.8 లాంటి రిసాల్వర్లు కొత్త సర్వర్ల జవాబులను తిరస్కరిస్తాయి, సైటూ మెయిలూ రెండూ పోతాయి. మీ ఇంటి ఇంటర్నెట్ ఆ డీఎన్ఎస్‌సెక్ తనిఖీ చేయనిదైతే నీకు మాత్రం అంతా బాగానే కనిపిస్తుంది.

మార్చడానికి ముందే డిగ్ కమాండుతో కొత్త నేమ్‌సర్వర్‌ను నేరుగా అడిగి, ప్రతి జవాబునూ పాతదానితో పోల్చు.

నీ రికార్డుల టీటీఎల్ 300 సెకన్లకు తగ్గించినా, డాట్ కామ్ సర్వర్లు ఇచ్చే నేమ్‌సర్వర్ వివరాల టీటీఎల్ 1,72,800 సెకన్లు, అంటే రెండు రోజులు. అది మన చేతిలో లేదు. అంతదాకా కొందరు పాత చోటికే వెళ్తారు కాబట్టి పాత జోన్‌ను కనీసం వారం ఉంచు. ఈలోగా ఏది మార్చినా రెండు చోట్లా మార్చు. పాతవాళ్ల బిల్లు ఆపొద్దని అకౌంట్స్ వాళ్లకు ఇప్పుడే చెప్పు.

జోన్ ఫైలు నాకూ పంపు. ఆదివారం ఇద్దరం ఫోన్‌లో కూర్చుని చూద్దాం.

పెదనాన్న