సేవాభ్యసనం

అమెరికా సంయుక్త రాష్ట్రాలలోని మేరీలాండ్‌లో ఉన్నత పాఠశాల విద్యార్థి పట్టా పొందడానికి పరీక్షలలో ఉత్తీర్ణత ఒక్కటే చాలదు. సమాజసేవతో కూడిన అధ్యయనంలో 75 గంటలు గడపాలి. 1992లో ఆ రాష్ట్ర విద్యామండలి చేసిన ఈ నిబంధన 1997లో చదువు ముగించిన విద్యార్థులతో అమలులోకి వచ్చింది. రాష్ట్రమంతటా సేవను తప్పనిసరి చేసిన తొలి రాష్ట్రం అదే.

దీనిని ఆంగ్లంలో ‘సర్వీస్ లెర్నింగ్’ అంటారు. మనం సేవాభ్యసనం అనవచ్చు. ఏటి ఒడ్డున చెత్త ఏరడం సేవ. అదే ఏటి నీటిని సేకరించి, ప్రయోగశాలలో పరీక్షించి, మాలిన్యం ఎక్కడినుండి వచ్చి చేరుతున్నదో కనుగొని ఊరివారికి తెలియజేయడం సేవాభ్యసనం. ఇందులో సంసిద్ధత, ఆచరణ, పర్యాలోచన అని మూడు దశలున్నాయి. మూడవది లేనినాడు మొదటి రెండూ కేవలం శ్రమగానే మిగిలిపోతాయి.

విద్యార్థి కోరుకొన్న వృత్తికి ఈ సేవను ముడిపెట్టినప్పుడు దాని విలువ మరింత పెరుగుతుంది. వైద్యవృత్తిని ఆశించే బాలిక వృద్ధాశ్రమానికి వెళ్లి, మంచం పట్టినవారికి అన్నం తినిపించి, చెప్పిన మాటే మళ్లీ మళ్లీ చెప్పే వారి మాటలను ఓర్పుతో వింటుంది. ఆ పని తనకు సరిపడదని ఆమె గ్రహించినా అది నష్టం కాదు. పదవ తరగతి ఫలితాలు వెలువడిన కొద్ది వారాలకే ఎం.పి.సి.యా, బై.పి.సి.యా అని తేల్చుకోవలసివచ్చే మన విద్యార్థులకు ఇటువంటి అవకాశం ఎంత అవసరమో వేరుగా చెప్పనక్కరలేదు.

నిర్బంధంగా చేయించేది సేవ ఎట్లవుతుందని కొందరు ప్రశ్నించారు. పెన్సిల్వేనియాలోని బెత్లెహెమ్‌లో పాఠశాలలు 60 గంటల సేవను విధించగా, ఇది బానిసత్వాన్ని నిషేధించిన రాజ్యాంగ సవరణకు విరుద్ధమని కొందరు న్యాయస్థానానికి వెళ్లారు. 1993లో అప్పీలు న్యాయస్థానం ఆ వాదాన్ని తోసిపుచ్చింది. చట్టం మాట అట్లుంచితే, ఆ ప్రశ్నలో సత్యం లేకపోలేదు. ఏ పని చేయాలో ఎంచుకొనే స్వేచ్ఛ విద్యార్థికే ఉన్నప్పుడు నిర్బంధపు బరువు కొంత తగ్గుతుంది.

మన దేశానికి ఈ ఆలోచన కొత్తది కాదు. 1937లో వార్ధాలో జరిగిన విద్యాసభలో గాంధీజీ చేతిపని కేంద్రంగా సాగే విద్యను ప్రతిపాదించారు. 1969 సెప్టెంబరు 24న 37 విశ్వవిద్యాలయాలలో జాతీయ సేవా పథకం ఆరంభమైంది. అయితే మన సేవాశిబిరాలలో తరచుగా వృక్షశాస్త్ర విద్యార్థి, వాణిజ్యశాస్త్ర విద్యార్థి పక్కపక్కన నిలిచి ఒకే రకమైన గుంతలు తవ్వుతుంటారు. మొక్క బతికిందో లేదో మరుసటి ఏడు చూసేవారు అరుదు. ఆ మొక్కల పెరుగుదలను నెలనెలా నమోదు చేసే బాధ్యతను మొదటివానికి అప్పగించవచ్చు. రెండవవాడు ఊరిలోని పొదుపు సంఘం మహిళల పక్కన కూర్చుండి, వారి పుస్తకంలో అసలు, వడ్డీ, వాయిదాలు సరిచూడవచ్చు. తరగతిలో నేర్చిన వడ్డీ లెక్క ఒక కుటుంబానికి ఎంత బరువో అతనికి అక్కడ తెలుస్తుంది.