ఆ గంటసేపు తలుపు వేసుకోనివ్వండి

ప్రశ్న: పురిటికి నరసరావుపేటలో పుట్టింటికి వచ్చాను. పాపకి మూడో నెల. ఊరికే ఏడుపొస్తుంది. పాప పడుకున్నా నాకు నిద్ర పట్టదు. పాపని ఎత్తుకోబుద్ధి కూడా కావడం లేదు. చంటిపిల్లతో బస్సులో గుంటూరు తిరగలేనని మావారు బెంగళూరు నుంచే ఆన్‌లైన్ కౌన్సెలింగ్ ఏర్పాటు చేశారు. రెండుసార్లు మాట్లాడాను. అమ్మ పక్కనే కూర్చుని వింటోంది, ఏమీ చెప్పలేకపోయాను. ఎదురుగా కూర్చుని మాట్లాడితేనే ఇలాంటివి తగ్గుతాయని అత్తయ్యగారు అంటున్నారు. నిజమేనా?

జవాబు: నిజం కాదమ్మా. మీ నోరు కట్టేసింది పక్కన కూర్చున్న మనిషి. అదే మనిషి పక్కనుంటే గుంటూరు వెళ్లినా మీరు నోరు విప్పలేరు.

స్వీడన్‌కు చెందిన పెర్ కార్ల్‌బ్రింగ్ బృందం 2018లో 20 అధ్యయనాలను కలిపి పరిశీలించింది. థెరపిస్టు ఇంటర్నెట్ ద్వారా నడిపించిన చికిత్సనూ, ఎదురెదురుగా కూర్చుని చేసిన చికిత్సనూ అవి పోల్చాయి. ఆ రకం చికిత్సలో రెండింటి ఫలితాలూ దాదాపు సమానంగానే వచ్చాయి. డిప్రెషన్, పానిక్, నలుగురిలోకి వెళ్లాలంటే భయం లాంటి సమస్యలు వాటిలో ఉన్నాయి. కాబట్టి వీడియోలో చెప్పుకున్నంత మాత్రాన మీ బాధకు విలువ తగ్గదు.

పైగా మీలాంటి బాలింతకు ఆన్‌లైన్‌లో ఇంకో మేలుంది. ఇవాళ పుట్టింట్లో ఉన్నారు. ఐదో నెలలో అత్తవారింటికి పంపుతారు, ఆ తర్వాత బెంగళూరు. ఊరు మారిన ప్రతిసారీ కొత్త డాక్టరుకు మొదటి నుంచీ కథంతా చెప్పుకోవడం ఎంత నరకం! ఆన్‌లైన్‌లో అయితే మీరు ఏ ఊళ్లో ఉన్నా అదే మనిషి, నిన్న ఆపిన చోటు నుంచే మాట. పాప మధ్యలో ఏడిస్తే పాలు పట్టుకుంటూ మాట్లాడవచ్చు.

ఇకపై రాసేది మీ అమ్మగారికి చదివి వినిపించండి. అమ్మా, కూతురి మీద బెంగతోనే పక్కన కూర్చుంటున్నారని నాకు తెలుసు. కానీ ఆ అమ్మాయి చెప్పుకోవాల్సిన మాటల్లో మీ గురించి ఉండొచ్చు, అల్లుడి గురించి ఉండొచ్చు, పాపని చూస్తే ఏమీ అనిపించడం లేదన్న మాట ఉండొచ్చు. ‘మేమంతా కనలేదా’ అన్న మనిషి ముందు ఆ మాట ఏ కూతురి నోటా రాదు. ఆసుపత్రిలో అయితే ‘మీరు కాసేపు బయట కూర్చోండి’ అని డాక్టరే చెప్పి తలుపు వేస్తారు. ఇంట్లో ఆ మాట ఎవరు చెప్పాలి? 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం రోగి చెప్పిన మాటలను గోప్యంగా ఉంచాలని వైద్యులను కట్టడి చేసింది. మన ఇంటి హాల్లో ఆ చట్టం పనిచెయ్యదు. ఇక్కడ ఇంటివాళ్లే ఆ మర్యాద పాటించాలి. ఆన్‌లైన్ కౌన్సెలింగ్ పనిచెయ్యలేదని రాసేవాళ్ల ఉత్తరాలు చదివితే సగం ఇళ్లలో లోపం ఇదే. గది ఇవ్వరు, ఇచ్చినా గడియ పెట్టనివ్వరు, పెడితే ‘కాఫీ’ అంటూ తలుపు తడతారు. వారానికి ఒక్క గంట పాపని ఎత్తుకుని మీరు పెరట్లోకి వెళ్లండి. కూతురికి మీరు చెయ్యగలిగిన వైద్యం అది.

మళ్లీ మీకు. ఇయర్‌ఫోన్స్ పెట్టుకోండి. వచ్చేసారి మొదలవగానే ‘పక్కన మనిషి ఉన్నారు’ అని టైప్ చెయ్యండి. అవును, కాదు అని సరిపోయే ప్రశ్నలు అడగడం వాళ్లకి తెలుసు. మీ గైనకాలజిస్టుకు ఈ లక్షణాలన్నీ చెప్పి థైరాయిడ్ పరీక్ష చేయించుకోండి. కాన్పు తర్వాత థైరాయిడ్ తేడా వచ్చినా ఇలా నీరసం, దిగులు కమ్ముతాయి. మందులు రాస్తే పాలిస్తున్నానని మీ అంతట మీరే మానెయ్యకండి, డాక్టరును అడగండి. పాలిస్తూ వాడగలిగినవి ఉన్నాయి.

చచ్చిపోవాలనో పాపని ఏమైనా చేసేస్తాననో ఆలోచన వస్తే మాత్రం వీడియో కాల్ కోసం ఆగొద్దు. ఆ రోజే మనిషిని తోడు తీసుకుని గుంటూరు పెద్దాసుపత్రికి వెళ్లండి. ఆ ఆలోచన వచ్చినందుకు మీరు చెడ్డ తల్లి కారు. అది జబ్బు, తగ్గుతుంది.

ప్రశ్న: మా అబ్బాయికి 19 ఏళ్లు. ఆన్‌లైన్‌లో థెరపీ తీసుకుంటున్నాడు. డబ్బు కట్టేది నేనే కదా, తలుపు దగ్గర నిలబడి వింటే తప్పా? (హనుమకొండ)

జవాబు: తప్పే. ఆ గంట మీరు వీధి చివరిదాకా నడిచి రండి.

ప్రశ్న: గ్యాస్ కట్టానా లేదా అని పదిసార్లు చూస్తాను. చేతులు కడిగి కడిగి చర్మం ఊడుతోంది. ఓసీడీ అన్నారు. రాజమండ్రిలో దీనికి శిక్షణ ఉన్న థెరపిస్టు దొరకలేదు. ఆన్‌లైన్‌లో కుదురుతుందా?

జవాబు: మీ విషయంలో క్లినిక్ కన్నా ఆన్‌లైనే నయం కావచ్చు. ఓసీడీకి ఇచ్చే థెరపీలో భయపెట్టే పనిని చేయించి, ఆ తర్వాత కడుక్కోవడమో మళ్లీ చూసుకోవడమో చెయ్యకుండా ఆపుతారు. కంగారు దానంతట అదే దిగేదాకా ఓపిక పట్టడమే ఇందులో సాధన. మీ కంగారంతా మీ వంటింట్లో, మీ కుళాయి దగ్గర ఉంది. క్లినిక్ కుర్చీలో కూర్చుంటే అవేవీ ఎదురుగా ఉండవు. ఫోన్ పట్టుకుని వంటింట్లోకి వెళ్లి, గ్యాస్ ఒక్కసారే కట్టి, వీధి గుమ్మం దాకా నడిచి, వెనక్కి తిరగకుండా నిలబడేదాకా థెరపిస్టు మీతోనే ఉంటారు. ఒక సెషన్‌కు మీ ఆవిడను కూడా కూర్చోబెట్టండి. ‘కట్టేశారండీ’ అని రోజూ ఆవిడ ఇచ్చే భరోసాయే జబ్బును మేపుతుంది. ఎలా ఆపాలో ఆవిడా నేర్చుకోవాలి. మందులు అవసరమైతే రాసేది సైకియాట్రిస్టు, సైకాలజిస్టు కాదు.

ప్రశ్న: మా తమ్ముడికి ఎవరో తిడుతున్నట్టు మాటలు వినిపిస్తున్నాయట. అన్నం మానేశాడు. ఎర్రగడ్డకు తీసుకెళితే పరువు పోతుందని, ఆన్‌లైన్‌లో చూపిద్దామని నాన్న అంటున్నారు.

జవాబు: వద్దమ్మా. రేపు పొద్దున్నే తీసుకెళ్లండి. అన్నం మానేసిన మనిషిని డాక్టరు చేత్తో పట్టి చూడాలి, రక్త పరీక్షలు చెయ్యాలి. అనుమానాలున్న మనిషికి ఫోన్‌లో కనిపించే ముఖం మీదే అనుమానం పుట్టవచ్చు. ఎర్రగడ్డ అన్న ఊరి పేరును తిట్టుగా మార్చింది మనమే. అక్కడ ఉన్నది ప్రభుత్వ మానసిక ఆరోగ్య సంస్థ, వైద్యులు. అక్కడికి వెళ్లడానికి మనసొప్పకపోతే ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఆసుపత్రుల్లోనూ సైకియాట్రీ విభాగం ఉంటుంది. కుదుటపడ్డాక కొన్ని విడతలు వీడియోలో చూపించుకోవచ్చు, 2020 మార్చిలో వచ్చిన టెలిమెడిసిన్ మార్గదర్శకాలు అందుకు దారి వేశాయి. పరువు సంగతి మీ నాన్నగారు తర్వాత చూసుకోవచ్చు. ఒక్కరోజు కూడా ఆలస్యం చెయ్యకండి.

ప్రశ్న: డాలస్‌లో ఉంటాను. తెలుగులో అయితేనే మనసులో మాట బయటికొస్తుంది. హైదరాబాద్ సైకాలజిస్టుతో వీడియోలో మాట్లాడవచ్చా?

జవాబు: ఏడుపు వచ్చే భాషలో మాట్లాడాలనుకోవడం సబబే. కానీ అమెరికాలో లైసెన్సును రోగి ఉన్న రాష్ట్రాన్ని బట్టి చూస్తారు. టెక్సాస్ లైసెన్సు లేనివారితో మాట్లాడితే మీ ఇన్సూరెన్స్ రాదు, ఆపద వస్తే మీ గుమ్మానికి మనిషిని పంపే దారీ వారికి తెలియదు. టెక్సాస్‌లో లైసెన్సు ఉన్న తెలుగువారి కోసం ముందు వెతకండి. ఆన్‌లైన్ కాబట్టి వాళ్లు హ్యూస్టన్‌లో ఉన్నా మీకు దగ్గరే. ఈలోగా అక్కడ అత్యవసరానికి 988 ఉంది. ఇంకోమాట: రూమ్మేట్లు వింటారని దుప్పట్లో గుసగుసలాడకండి. పార్కింగ్‌లో కారు అద్దాలు ఎత్తుకుని కూర్చోండి, గొంతెత్తి మాట్లాడండి.

ప్రశ్న: ఇన్‌స్టాగ్రామ్‌లో లక్షమంది ఫాలోవర్లున్న కౌన్సెలర్ దగ్గర చేరవచ్చా?

జవాబు: క్లినికల్ సైకాలజిస్టునంటే రిహాబిలిటేషన్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబరు అడగండి, సైకియాట్రిస్టునంటే మెడికల్ కౌన్సిల్ నంబరు. నసిగితే మానెయ్యండి. యాప్ అయితే మీ సమాచారం ఎవరికి ఇస్తారో చదవండి. రోగుల వివరాలను ఫేస్‌బుక్ లాంటి సంస్థలకు ప్రకటనల కోసం ఇచ్చిందన్న అభియోగం మీద బెటర్‌హెల్ప్ అనే పెద్ద సంస్థ 2023లో అమెరికా ప్రభుత్వంతో 78 లక్షల డాలర్లకు రాజీపడాల్సి వచ్చింది.

ప్రశ్న: వీడియోలో మాట్లాడటానికి క్లినిక్‌లో అంత ఫీజెందుకు?

జవాబు: ఎక్కడ కూర్చున్నా ఆ 50 నిమిషాలు వాళ్లు ఇంకెవరికీ ఇవ్వలేరు కనుక. తగ్గించమని అడగండి, చాలామంది తగ్గిస్తారు. అదీ కుదరకపోతే 14416కు ఫోన్ చెయ్యండి. 2022 అక్టోబర్ 10న కేంద్రం మొదలుపెట్టిన టెలీ-మానస్ అది. ఉచితం, రాత్రీపగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. వారం వారం ఒకే మనిషి దొరుకుతారన్న హామీ ఉండదు, అవసరమైతే సైకియాట్రిస్టుకు కలుపుతారు.