పరుగెత్తువాని ఛాయాచిత్రము

మా పాఠశాల క్రీడోత్సవమున నూరు మీటర్ల పందెమును ఛాయాచిత్రము తీయుపని మాకప్పగింపబడెను. గెలిచిన బాలుడు గమ్యరేఖను దాటునపుడు మీట నొక్కితిమి. పిదప చూడగా వెనుకనున్న గోడయందలి ఇటుకలన్నియు స్పష్టముగా నుండెను. బాలుని ముఖము మాత్రము మసకబారెను. చిత్రము చూడవచ్చిన అతని తల్లికి మేమేమియు చెప్పజాలకపోతిమి. పందెమును మరల జరిపింప వీలులేదు గదా! లోపమెచ్చటనో విచారించి తెలిసికొన్న సంగతులను తోడి విద్యార్థులకు విన్నవించుచున్నాము.

పండ్రెండున్నర సెకండ్లలో నూరు మీటర్లు పరుగెత్తువాడు సగటున సెకండునకు 8 మీటర్లు పోవును. కటకము సరిపడుటకు సెకండులో నాలుగవ వంతు పట్టినచో, ఆలోపల వాడు 2 మీటర్లు సాగిపోవును. మేము గురిపెట్టినపుడు బాలుడింకను చట్రము నడిమికి రాలేదు. కావున కెమెరా గోడనే పట్టుకొనెను.

కటకమును తానే సరిచేసికొను కెమెరాలు 1977లో కోనికా సంస్థవారి సి 35 ఏ.ఎఫ్. తో విరివిగా అమ్మకమునకు వచ్చినవి. ఇప్పటివానియందు ముఖ్యపద్ధతులు రెండు. మొదటిదానిలో కటకము ముందువెనుకలకు జరుగుచు, ఏ స్థానమున రూపురేఖలు మిక్కిలి స్ఫుటమగునో వెదకును. ఇందుకు కొంత ఆలస్యమగును. రెండవదానిలో కటకపు రెండు ప్రక్కలనుండి వచ్చు వెలుగులను పోల్చి, ఎటు, ఎంత జరుగవలెనో ఒక్కసారిగా తెలిసికొనును. కావుననే ఆటలకు ఇది మేలు.

ఐనను కటకము కుదిరినంతనే సరిపోదు. తలుపు సెకండులో 60వ వంతు తెరచియున్నచో ఆ బాలుడు సుమారు 13 సెంటీమీటర్లు కదలును. 1000వ వంతైనచో 8 మిల్లీమీటర్లే.

1878లో కాలిఫోర్నియాయందలి పాలో ఆల్టోలో మైబ్రిడ్జి 12 కెమెరాలను వరుసగా నిలిపి, పరుగెత్తు గుఱ్ఱము నాలుగు కాళ్లును ఒకప్పుడు నేలను వీడునని చూపెను. గుఱ్ఱము పోవు దారి నిశ్చితమగుటచే దూరము మారు చిక్కు అచ్చట లేదు. ఈ ఉపాయమే మాకును దారి చూపినది.

మరునాటి రిలే పందెమునకు ముందు, గమ్యరేఖపై ఒక మిత్రుని నిలిపి, కటకమును కుదిర్చి, మరల కదలకుండ చేసితిమి. పరుగువాడు రేఖకు రాబోవుచుండగనే మీట నొక్కితిమి. ఆ బాలుడే కడపటి పరుగువాడు. అతని నుదుటి చెమట సయితము చిత్రమున కనబడెను. దానిని అతని తల్లికిచ్చితిమి.

వేగముగల యంత్రము మేలే; ముందుచూపు అంతకంటె మేలు.