ఏకాంతమునందు దోచు తోడు

మనుష్యుడు ఘోరమైన యొంటరితనమున జిక్కి, చలిచేతను ఆకలిచేతను నిద్రలేమిచేతను డస్సియున్నపుడు, తన ప్రక్క మఱియొకరు నడచుచున్నట్లు తోచుట కలదు. కంటికి రూపు గానరాదు. చెవికి మాట వినరాదు. అయినను ఒకరు తోడున్నారను నమ్మకము మాత్రము దృఢముగ నుండును. ఈ యనుభవమును విన్నవారిలో గొందఱు ఇది దేవతయనియో దయ్యమనియో నిశ్చయింతురు. మఱికొందఱు పిచ్చియని త్రోసివేయుదురు. సాక్ష్యమును వినకయే తీర్పు చెప్పుట రెండు పక్షములకును గల దోషము. కావున మొదట సాక్షులను విందము.

మొదటి సాక్షి షాకిల్టన్ దొర. దక్షిణధ్రువ ప్రాంతమున నతని యోడ మంచులో జిక్కి 1915వ సంవత్సరమున నలిగిపోయెను. సహచరులలో ఇరువదియిద్దఱను ఎలిఫెంట్ ద్వీపమున విడిచి, అతడు చిన్న పడవలో సముద్రమును దాటి దక్షిణజార్జియా ద్వీపమును జేరెను. 1916వ సంవత్సరము మే నెలలో నతడును, వర్స్లీయు, క్రీనును, అంతకుముందెవ్వరును దాటని మంచుకొండలను ముప్పదియాఱు గంటలు నడచి దాటిరి. నడచినవారు ముగ్గురే, అయినను తాము నలుగురమైనట్లు తనకు పలుమాఱు తోచెనని షాకిల్టన్ 1919లో వెలువడిన తన గ్రంథమున వ్రాసెను. దారిలో నతడీమాట నెవరితోను అనలేదు. పిమ్మట వర్స్లీ తానై యట్టిదే చెప్పెను. క్రీనును అదియే యొప్పుకొనెను.

రెండవ సాక్షి ఫ్రాంక్ స్మైత్. 1933వ సంవత్సరమున నతడు ప్రాణవాయు యంత్రము లేకయే ఎవరెస్టు శిఖరము నెక్క బూనెను. తోడివాడగు షిప్టన్ వెనుదిరుగగా, అతడొంటరిగ నించుమించు 28,100 అడుగుల యెత్తువఱకు బోయెను. అచ్చట గాలి యొత్తిడి సముద్రతీరమున నుండుదానిలో మూడవవంతు మాత్రమే. తాను జాఱినచో పట్టుకొనువాడొకడు త్రాటితో తనకు గట్టబడియున్నట్లే యతనికి దోచెను. ఒకచోట నిలిచి, తినుటకు దీసిన పుదీనా మిఠాయిని రెండు తునుకలు చేసి, సగము తోడివాని కిచ్చుటకు వెనుకకు దిరిగెను. అక్కడ నెవ్వరును లేరు. దిగివచ్చుచు ఆకాశమున రెండు వింత యాకారములను జూచినపుడు, తన బుద్ధి నిలుకడగా నున్నదో లేదో తెలిసికొనుటకై చూపు మరల్చి, చుట్టునున్న శిఖరముల పేళ్లను లోయల పేళ్లను తనలో జెప్పుకొని పరీక్షించుకొనెను. తన్ను తానే యడ్డప్రశ్న లడుగుకొన్న సాక్షి యనదగినవాడు.

వీరి మాటలను దిరస్కరించుటకు మాకు గారణము గానరాదు. అయితే న్యాయవాదులము గావున నొక భేదమును మఱువరాదు. సాక్షి యనుభవించినది వేఱు. దానినుండి యూహించినది వేఱు. “నా ప్రక్క నొకరున్నట్లు తోచెను” అనుట సాక్ష్యము. “నా ప్రక్క నొకరుండిరి” అనుట యూహ. మొదటిదానిని నమ్మవచ్చును. రెండవదానికి వేఱు నిదర్శనము గావలెను. తోడివాని కడుగుజాడ లేదు. మిఠాయి తునుక నందుకొన్న చేయి లేదు.

మఱి యీ తోచుట యెట్లు గలుగును? 2006వ సంవత్సరమున స్విట్జర్లండు దేశపు వైద్యులు దీనికొక దారి జూపిరి. మూర్ఛరోగము గల యిరువదిరెండేండ్ల యువతికి శస్త్రచికిత్సకు ముందు పరీక్ష చేయుచు, ఎడమ కణతకు పైగా మెదడునందలి యొక సంధిస్థానమునకు స్వల్పముగ విద్యుత్తు సోకించిరి. వెంటనే తన వెనుక నొక వ్యక్తి యున్నట్లామెకు దోచెను. ఆమె కూర్చుండి మోకాళ్లను గౌగిలించుకొనగా, ఆ వ్యక్తియు గూర్చుండి తన్ను గౌగిలించుకొన్నట్లు తోచెను. తన శరీరమెక్కడ నున్నదో, ఎట్లు కదలుచున్నదో లెక్కగట్టు స్థానమది. ఆ లెక్క తప్పినపుడు స్వశరీరపు బోధయే పరశరీరపు బోధగా మాఱును. 2014లో ఆ వైద్యులే ఆరోగ్యవంతుల కన్నులు గట్టి, వారు చేయి కదల్చినట్లెల్ల వారి వీపును దాకు యంత్రమొకటి నమర్చిరి. తాకుడు అరక్షణ మాలస్యమైనంతనే, వెనుక నెవరో యున్నట్లు వారికి దోచెను. కొందఱు భయపడి పరీక్ష నాపుమనిరి. ఆరోగ్యవంతుడు గదిలో నుండియే యింత భ్రమ చెందగా, ప్రాణవాయువు చాలక కొండపై నొంటరిగ నున్నవానికి దోచుట యేమి యాశ్చర్యము? కొండపై నిట్టి యనుభవము మెదడు వాపునకు సూచనయు గావచ్చును. వెంటనే క్రిందికి దిగుటయే దానికి మొదటి మందు.

మన తెలుగువారును ఎత్తైన కొండల నెక్కినవారే. 2014వ సంవత్సరము మే నెలలో మాలావత్ పూర్ణ పదుమూడేండ్ల ప్రాయమున, ఆనంద్ కుమార్‌తో గూడి ఎవరెస్టు నెక్కినది. నెల్లూరు జిల్లావాడగు మల్లి మస్తాన్ బాబు 2006లో ఏడు ఖండముల యున్నతశిఖరములను 172 దినములలో నెక్కి, 2015లో దక్షిణ అమెరికాయందలి ఆండీస్ కొండలలో నొంటరిగ బోయి మరణించెను. ఆ వీరుని తుదిగడియలకు సాక్షి లేడు. సాక్షి లేనిచోట, అతనికి దేవదూత తోడు వచ్చెననియో, భూతము దారి తప్పించెననియో కథ గల్పించుట మృతునికి గౌరవము గాదు.

మురమళ్ళయందు గౌతమీతీరమున మనకు గొండలు లేవు. కాని యేకాంతమునకు గొండలే యక్కఱలేదు. భర్తను గోల్పోయిన స్త్రీకి ఇంటి వెనుకటి గదియే చాలును. 1971లో రీస్ అను వైద్యుడు వేల్సు దేశమున భార్యను గాని భర్తను గాని కోల్పోయిన 293 మందిని విచారించి, వారిలో నించుమించు సగముమందికి గతించినవారు దగ్గఱనున్నట్లు తోచుట మొదలగు ననుభవములు గలిగినట్లు ప్రకటించెను. పెక్కుమంది అంతకుముందా మాట నెవ్వరితోను జెప్పనేలేదు. నవ్వుదురను భయమే యొక కారణము. అది వారిలో పలువురకు బాధ గాక యోదార్పే యయ్యెను.

ఇట్టి మాట నోరుజారిన వితంతువు మన యిండ్లలో నేమగుచున్నది? గాలి సోకినదందురు, భూతవైద్యుని బిలుతురు, వేపమండలతో గొట్టించి, సొమ్ము వ్యయపఱచి, తుదకామెను మునుపటికంటె నొంటరిదానిని జేయుదురు. చదువరులారా, ఇది మూఢత్వము మాత్రమే కాదు, క్రూరత్వము. ఆమె చెప్పినది శ్రద్ధగ వినుడు. అది యోదార్పైనచో నుండనిండు. అది భయపెట్టునదైనను, ఆజ్ఞలిచ్చునదైనను, నిద్రాహారములను జెఱచునదైనను, మంత్రగానియొద్దకు గాక వైద్యునియొద్దకు గొనిపొండు. 2017వ సంవత్సరపు మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము ప్రభుత్వ వైద్యమును బొందుట ప్రతివ్యక్తికి హక్కని చెప్పి, మనోరోగులను గొలుసులతో గట్టుటను నిషేధించినది.

ఇట్లన్నంత మాత్రమున ఈశ్వరవిశ్వాసమునకు హాని కలుగునా? కలుగదని మా యభిప్రాయము. దైవమే తమ్ము నడిపించెనని షాకిల్టన్ నమ్మెను. ఆ నమ్మకము నతడు మెదడునందలి యొక సంధిస్థానముపై నిలుపలేదు, మనము నిలుప బనిలేదు. ఎలిఫెంట్ ద్వీపమున విడువబడిన యిరువదియిద్దఱను అదే సంవత్సరము ఆగష్టు 30వ తేదీని అతడు స్వయముగ వచ్చి, యొక్కరిని బోగొట్టక కొనిపోయెను. వారికి దొరకిన తోడు తోచిన తోడు గాదు, మాట తప్పక మరలివచ్చిన మనుష్యుడు. మన వాకిటనున్న యేకాకులకును మనము చేయదగినదదియే.