చేపల తొట్టిలో తెల్లదారాలు

రాత్రి దీపాలు ఆర్పేశాక మీ ఇంట్లోని చేపల తొట్టి మీద ఒకసారి టార్చిలైటు వేసి చూడండి. పగలు కనబడని ప్రపంచమొకటి కనిపిస్తుంది. అద్దం మీద సన్నని తెల్లదారాలు మెలికలు తిరుగుతుంటాయి. ఆవగింజలో సగమైనా లేని చుక్కలు గెంతుతూ ఈదుతుంటాయి. మొక్క ఆకు మీద ఏదో చిన్న పుల్లలాంటిది చేతులు చాచుకుని నిలబడి ఉంటుంది. అన్ని తొట్లలోనూ ఇవన్నీ ఉండవుగాని, కొంతకాలంగా నడుస్తున్న తొట్టిలో ఏదో ఒకటి ఉండడం మామూలే.

చూడగానే అందరికీ తోచేది ఒక్కటే: "అయ్యో, పురుగులు పడ్డాయి! ఇక చేపలు చచ్చిపోతాయి!"

హైస్కూల్లో చదివే రోజుల్లో నేనూ అలాగే కంగారుపడ్డాను. చేపలను బక్కెట్టులోకి మార్చి, తొట్టిలో నీళ్ళన్నీ పారబోశాను. గులకరాళ్ళను కుళాయి కింద బాగా తోమి ఎండలో ఆరబెట్టాను. సాయంత్రం అన్నీ సర్ది, అప్పుడే పట్టిన కుళాయి నీళ్ళు నింపి చేపలను వదిలాను. తొట్టి తళతళ మెరిసింది. పురుగన్నది ఒక్కటి లేదు. నాలుగోనాటికి ఆరు గప్పీ చేపల్లో అయిదు వెల్లకిలా తేలాయి. వాటిని చంపింది పురుగులు కాదు, నేనే. ఎలాగో చెబుతాను.

చేపల మొప్పల నుంచీ, విసర్జనల నుంచీ, కుళ్ళిన మేత నుంచీ నీటిలోకి అమ్మోనియా చేరుతుంది. అది చేపలకు విషం. అయితే గులకరాళ్ళనూ, ఫిల్టరు స్పాంజినీ అంటిపెట్టుకుని కోట్లాది బాక్టీరియాలు ఉంటాయి. వాటిలో కొన్ని అమ్మోనియాను నైట్రైటుగా మారుస్తాయి. ఇదీ విషమే. మరికొన్ని దాన్ని నైట్రేటుగా మారుస్తాయి. నైట్రేటు మోతాదు మించనంతవరకు చేపలకు అంత హాని లేదు, మొక్కలకైతే ఎరువు. ఈ బాక్టీరియాలు ఒక తొట్టిలో స్థిరపడడానికి కొన్ని వారాలు పడుతుంది. నేను ఒక్క పూటలో వాటిని కడిగేశాను. మిగిలిన వాటిని ఎండా, కుళాయి నీటిలోని క్లోరినూ చూసుకున్నాయి. క్లోరిన్ చేపల మొప్పలను కూడా దెబ్బతీస్తుంది. ఇంతా చేసి, ఆ తెల్లదారాలు నిరపాయకరమైనవని నాకు తెలిసింది చాలా ఏళ్ళ తర్వాత!

కాబట్టి ముందు పురుగేదో గుర్తుపట్టాలి. ఒక తెల్ల సాసరు, ఒక ఇంకుఫిల్లరు, ఒక భూతద్దం చాలు. పురుగును ఫిల్లరుతో పీల్చి, తొట్టి నీటితోనే సాసరులో వదిలి చూడండి.

అది పాములా మెలికలు తిరుగుతూ, తలా తోకా తేడా తెలియకుండా, ఒళ్ళంతా కణుపులు కణుపులుగా ఉందా? అయితే అది వానపాముకు చుట్టం. అడుగున గులకరాళ్ళ మధ్య చేరిన మురికీ, మిగిలిన మేతా తిని బతుకుతుంది. చేపల జోలికి పోదు. పైగా చేపలే దాన్ని తింటాయి. ఇవి ఎప్పుడూ అడుగునే ఉంటాయి. గుంపులుగా పైకి వచ్చాయంటే, మేత ఎక్కువైందనో, అడుగున ఆక్సిజన్ తగ్గిందనో అర్థం.

మెలికలు తిరక్కుండా, నేల మీద నీళ్ళు పారినట్టు నున్నగా జారిపోతోందా? తల బాణపు మొనలా ఉండి, రెండు మెల్లకళ్ళు కనిపిస్తున్నాయా? అది ప్లనేరియా, చదును పురుగు. దాని నోరు తలలో లేదు, పొట్ట మధ్యలో ఉంది! అక్కడి నుంచి గొట్టంలాంటిది బయటికి చాచి ఆహారం పీల్చుకుంటుంది. పెద్ద చేపలను ఏమీ చేయలేదుగాని, గుడ్లనూ చిన్న రొయ్యలనూ తినేస్తుంది. చిరాకేసి బ్లేడుతో కోశారో, ఒకటి రెండవుతుంది. 1898లో అమెరికన్ శాస్త్రజ్ఞుడు థామస్ హంట్ మోర్గాన్ ప్లనేరియాలను రకరకాలుగా కోసి చూశాడు. శరీరంలో 279వ వంతు ఉన్న ముక్క కూడా మళ్ళీ పూర్తి పురుగుగా పెరగగలదని తేల్చాడు. వంశపారంపర్యంలో క్రోమోసోముల పాత్రను కనుగొన్నందుకు 1933లో నోబెల్ బహుమతి పొందింది ఈయనే.

దీన్ని పట్టాలంటే చిన్న ప్లాస్టిక్ సీసా మూతకు సన్నని రంధ్రాలు చేసి, లోపల చిన్న మాంసం ముక్క పెట్టి, రాత్రి తొట్టి అడుగున ఉంచండి. చేపలు దూరలేవు, ప్లనేరియాలు దూరుతాయి. తెల్లవారగానే సీసా తీసేయండి. కొన్ని రాత్రులు ఓపిక పట్టాలి.

ఆకు మీద చేతులు చాచిన పుల్ల ముట్టుకోగానే చిన్న గుండుగా ముడుచుకుపోతే, అది హైడ్రా. దాని చేతుల నిండా విషపు కణాలుంటాయి. నీటిఈగలనూ, అప్పుడే పుట్టిన చేపపిల్లలనూ పట్టి మింగుతుంది. దీన్నీ కోయకండి, ఇదీ ముక్కల నుంచి పెరిగే జాతే. మూడుచుక్కల గౌరామి చేపకు హైడ్రా అంటే ఇష్టం, అది ఉంటే మీ పని తేలిక.

గెంతే చుక్కలు సైక్లాప్స్, డాఫ్నియా వంటి రొయ్య చుట్టాలు. చేపలకు మంచి మేత. సైక్లాప్స్ మన పెద్దవాళ్ళకు మరో రకంగా తెలుసు. అవి ఉన్న నీళ్ళను వడగట్టకుండా తాగితే నారికురుపు వచ్చేది. మన దేశంలో ఆ జబ్బు చివరిసారి కనిపించింది 1996లో. 2000లో ప్రపంచ ఆరోగ్య సంస్థ భారతదేశాన్ని నారికురుపు లేని దేశంగా ప్రకటించింది.

ఇక నత్తలా? రాత్రి ఒక కీరదోస ముక్క వేసి, ఉదయం దాని మీద చేరిన నత్తలతో సహా బయటికి తీయండి.

అసలు శత్రువులు వేరే ఉన్నాయి. చేప ఒంటి మీద గుండ్రంగా, పల్చగా బిళ్ళలాంటిది పాకుతుంటే అది చేపపేను, ఆర్గులస్. సూదిలాంటి ముల్లు గుచ్చి రక్తం పీలుస్తుంది. కొల్లేటి ప్రాంతపు చేపల రైతులను అడగండి, దీని కథలు చెబుతారు. చేప పక్క నుంచి దారంలాంటిది వేలాడుతూ కొస రెండుగా చీలి ఉంటే అది లెర్నియా. తల కండలో లంగరులా దిగి ఉంటుంది. చేప రాళ్ళకు ఒళ్ళు రుద్దుకుంటుంటే వీటి కోసం వెతకండి. కనబడిన చేపను వేరే తొట్టిలో ఉంచి, తెలిసినవారి చేత వైద్యం చేయించండి. దోమల మందు, చీమల మందు ఛాయలకు కూడా రానీయకండి. కుక్కలకిచ్చే నులిపురుగుల మందు ప్లనేరియాను చంపుతుంది, నిజమే. నత్తలూ చస్తాయి. చచ్చినవన్నీ కుళ్ళి మళ్ళీ అమ్మోనియాయే!

మామూలు తెల్లదారాలకైతే మందే అక్కరలేదు. రోజుకొకసారి, రెండు మూడు నిమిషాల్లో చేపలు తినేసేంత మేతే వేయండి. వారానికొకసారి రబ్బరు గొట్టంతో గులకరాళ్ళ మధ్య మురికిని లాగేయండి. గొట్టం నిండా ముందే నీళ్ళు నింపి, కొసను వేలితో మూసి, తొట్టికన్నా కింద ఉన్న బక్కెట్టులో వదిలితే నీరు తనంతట తనే దిగుతుంది. నోటితో పీల్చవద్దు సుమా! నాలుగో వంతుకు మించి తీయకండి. తీసినంత, ముందురోజు పట్టి తెరిచి ఉంచిన నీళ్ళు పోయండి. తీసిన నీళ్ళు పూలమొక్కలకు పోయాలి, చెరువులో కాదు. స్పాంజిని ఆ నీళ్ళలోనే పిండాలి, కుళాయి కింద కాదు.

ప్రతి ఆదివారం రాత్రి ఒకే వేళకు టార్చి వేసి, ముందు అద్దం మీద కనిపించిన దారాలను లెక్కపెట్టి నోటుపుస్తకంలో రాయండి. పక్కనే ఆ వారం ఎన్ని చిటికెల మేత వేశారో కూడా రాయండి. నెల తర్వాత ఆ రెండు వరుసలనూ పక్కపక్కన పెట్టి చూడండి.